చేతులు కట్టుకుంటేనే చేయూత

2002 మార్చిలో అమెరికా సుప్రీంకోర్టు ఒక సాదాసీదా కేసులో తీర్పు చెప్పింది. వైకల్య భృతి కేసులు వాదించే న్యాయవాదులు ఇప్పటికీ దాన్ని 'బార్న్‌హార్ట్ వర్సెస్ వాల్టన్' పేరుతో తలుచుకుంటారు. వాల్టన్ బడిపంతులు. మానసిక వ్యాధి ముదిరి 1994 అక్టోబరు ఆఖరున ఉద్యోగం పోగొట్టుకున్నాడు. ఆ తర్వాత కొంత తేరుకుని, మరుసటి ఏడాది మధ్యలో క్యాషియరుగా కొద్ది గంటల పనికి కుదిరాడు. సెప్టెంబరు ఆఖరుకల్లా అతడి సంపాదన ప్రభుత్వం గీసిన గీత దాటింది. 'నువ్వు పనికి దూరమైంది 11 నెలలే, చట్టం అడిగేది 12. కాబట్టి నీకు భృతి లేదు' అంది ఆ భృతి ఇచ్చే సోషల్ సెక్యూరిటీ విభాగం. కింది అప్పీలు కోర్టు వాల్టన్ పక్షాన నిలిచింది. సుప్రీంకోర్టు మాత్రం ప్రభుత్వ వాదనకే మొగ్గింది. ఒక్క నెల ముందుగా కోలుకోవడానికి ప్రయత్నించడమే అతడు చేసిన తప్పు అయింది.

వాల్టన్‌ది అవయవ మార్పిడి కేసు కాదు. అయినా ఆ తీర్పు అందరికన్నా గట్టిగా తగిలేది మార్పిడి చేయించుకున్నవాళ్లకే. అమెరికాలో 2024లో 48 వేలకు పైగా అవయవ మార్పిడులు జరిగాయి. కిడ్నీయో కాలేయమో గుండెయో కొత్తది అమరిన మనిషి రోజురోజుకూ తేరుకోవాలి, తేరుకుంటాడు కూడా. ఆపరేషన్ చేసిందే అందుకు. అయితే ఆ తేరుకోవడం వంకర టింకరగా సాగుతుంది. మూడో నెలలో కంప్యూటరు ముందు రెండు గంటలు కూర్చోగలిగినవాడు నాలుగో నెలలో జ్వరంతో ఆస్పత్రి పాలవుతాడు. కొత్త అవయవాన్ని శరీరం తిరస్కరించకుండా వేసుకునే టాక్రోలిమస్ లాంటి మందులతో చేతులు వణుకుతాయి. రోగనిరోధక శక్తి అణగారి ఉంటుంది కనుక నలుగురిలోకి వెళ్లడమే ముప్పు. వారం వారం రక్తపరీక్షలు తప్పవు. అలాంటి మనిషి భృతి కోసం దరఖాస్తు పెట్టి, జవాబు వచ్చేలోగా ఇంటద్దె కట్టుకోవడానికి నాలుగు డాలర్లు సంపాదించుకోవచ్చా? చట్టం సూటిగా వద్దనదు. సంపాదించినవాడిని మాత్రం అనుమానంగా చూస్తుంది.

ఈ చిక్కు మూలం వైకల్య బీమా పథకం పుట్టుకలోనే ఉంది. బోస్టన్‌లో జోసెఫ్ ముర్రే బృందం మొట్టమొదటి విజయవంతమైన కిడ్నీ మార్పిడి చేసింది 1954లో. అమెరికా కాంగ్రెస్ వైకల్య బీమా తెచ్చింది 1956లో, అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ హయాంలో. అప్పట్లో అది 50 ఏళ్లు దాటినవాళ్లకే. నయం కాని, ఎప్పటికి పోతుందో చెప్పలేని జబ్బు ఉండాలన్నది షరతు. 1965లో ఆ షరతును సడలించి కనీసం 12 నెలలు ఉండే జబ్బు చాలన్నారు. చట్టసభ సభ్యుల మనసులో ఉన్నది నడుం విరిగిన గని కార్మికుడు, పక్షవాతం వచ్చిన ఫ్యాక్టరీ మనిషి. ఒకసారి పడిపోతే మళ్లీ లేవని మనిషి. తిరస్కరణను అదుపు చేసే సైక్లోస్పోరిన్‌కు అమెరికా అనుమతి దొరికింది 1983లో. మార్పిడి వేల సంఖ్యలో మామూలు వైద్యం అయ్యింది ఆ తర్వాతే. నిర్వచనం మాత్రం అరవైల దగ్గరే ఆగిపోయింది. ఆ లెక్కలో మనిషి పూర్తిగా పని చేయగలవాడైనా అయ్యుండాలి, బొత్తిగా చేయలేనివాడైనా అయ్యుండాలి. సగం చేయగలిగినవాడికి అందులో చోటు లేదు.

ఇప్పుడు నిబంధనల్లోకి వెళదాం, ఎందుకంటే కష్టమంతా వివరాల్లోనే ఉంది. సోషల్ సెక్యూరిటీ విభాగం దగ్గర ఏ జబ్బులను వైకల్యంగా గుర్తించాలో చెప్పే జాబితా ఉంది. కిడ్నీ, కాలేయం, గుండె మార్పిడి జరిగితే ఆపరేషన్ నాటి నుంచి ఏడాదిపాటు వైకల్యం ఉన్నట్టే. ఊపిరితిత్తుల మార్పిడికి మూడేళ్లు. వినడానికి ఉదారంగానే ఉంది. కానీ వైకల్యం మొదలైన తర్వాత నిండుగా ఐదు క్యాలెండరు నెలలు గడిస్తే గాని భృతి లెక్క మొదలవదు. జనవరి మధ్యలో హఠాత్తుగా కాలేయం పాడై మార్పిడి జరిగిన మనిషికి ఫిబ్రవరి నుంచి జూన్ దాకా పైసా రాదు. జులై నెల భృతి ఆగస్టులో చేతికొస్తుంది. ఏడాది వైకల్యం అని కాగితం మీద రాసి, చేతికి ఇచ్చేది ఏడు నెలలకే. ఆ తర్వాత మిగిలిన జబ్బు ఎంతుందో మళ్లీ తూస్తారు. అంతకు ముందే ఏళ్ల తరబడి డయాలసిస్ మీద ఉన్నవాళ్ల సంగతి వేరు. వాళ్ల ఐదు నెలలు ఎప్పుడో గడిచిపోయి ఉంటాయి.

ఇది దరఖాస్తు పెట్టగానే తేలిపోయే సందర్భంలో లెక్క. నిజానికి మొదటి నిర్ణయం రావడానికే 2024లో సగటున ఏడు నెలల పైచిలుకు పట్టింది. మొదటి అంచెలో మూడింట రెండు వంతుల దాకా దరఖాస్తులు తిరస్కరణకు గురవుతాయి. అక్కడి నుంచి పునఃపరిశీలన, ఆపై పరిపాలనా న్యాయమూర్తి ముందు విచారణ, ఆపై అప్పీళ్ల మండలి, ఆపై ఫెడరల్ కోర్టు. 2008 నుంచి 2019 దాకా అప్పీలు మీద తుది నిర్ణయం రాకముందే 1,09,725 మంది చనిపోయారని అమెరికా ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం 2020లో లెక్క తేల్చింది. 2014 నుంచి 2019 మధ్య సుమారు 48 వేల మంది ఎదురుచూపుల్లోనే దివాలా పిటిషన్లు వేశారు. వీళ్లంతా మార్పిడి రోగులు కాదు, అన్ని రకాల దరఖాస్తుదారులూ ఉన్నారు. కానీ మార్పిడి జరిగినవాడు దరఖాస్తు పెట్టి నిలబడే వరస అదే.

ఈ వరసలో నిలబడ్డ మనిషి సంపాదన మీద గీసిన గీత 2025లో నెలకు 1,620 డాలర్లు, అదీ పన్నులు కోయకముందు మొత్తం. గీత దాటితే 'గణనీయమైన లాభదాయక పని' చేస్తున్నట్టు లెక్క. నిర్ణయం తీసుకునే అధికారి మొట్టమొదట చూసేది దీన్నే. గీత దాటితే ఫైలు అక్కడే మూసేస్తారు. ఆపరేషన్ నివేదిక తెరిచి చూడాల్సిన పని కూడా ఉండదు. ఊపిరితిత్తుల రోగికి జాబితా ఇచ్చిన మూడేళ్ల భరోసా కూడా ఈ మొదటి మెట్టు దాటితేనే.

అంధులను మినహాయిస్తే ఈ గీత అందరికీ ఒకటే. అన్యాయం అక్కడే మొదలవుతుంది. ఫెడరల్ కనీస వేతనం గంటకు 7.25 డాలర్లు, 2009 నుంచి కదలలేదు. ఆ రేటుతో గీత దాటాలంటే నెలకు 223 గంటలకు పైగా, అంటే మామూలు పూర్తికాల ఉద్యోగం కన్నా ఎక్కువ పని చేయాలి. అదే గంటకు 50 డాలర్లు తెచ్చుకునే ప్రోగ్రామరు వారానికి ఏడున్నర గంటలు పనిచేస్తే గీత అంచుకు చేరిపోతాడు. వారానికి ఏడున్నర గంటల పని మీద ఎవరి కుటుంబమైనా బతుకుతుందా, ఆ పని చూపి ఏ కంపెనీ అయినా ఆరోగ్య బీమా ఇస్తుందా అని చట్టం అడగదు. నైపుణ్యం ఉన్నవాడి రెండు పూటల పని అతడు ఆరోగ్యవంతుడని తేల్చేస్తుంది, కాయకష్టం చేసేవాడి నెల పని తేల్చదు. కొలవాల్సింది శరీరం ఎంత పని తట్టుకోగలదనేది. కొలుస్తున్నది బజారులో ఆ పనికి పలికే ధర. అధికారులకు అంకెతో పని సులువు, అందుకే ఇన్నేళ్లుగా నడుస్తోంది.

పోనీ గీతకు లోబడి సంపాదిస్తే నిశ్చింతేనా? అదీ లేదు. చేసిన పని గీతకు చేరకపోయినా, అంతకన్నా ఎక్కువ చేయగలడని ఆ పని రుజువు చేయవచ్చు అని నిబంధనల్లోనే ఉంది. వారానికి పది గంటలు ట్యూషన్లు చెప్పుకున్న మనిషిని విచారణలో 'పదిహేను చెప్పలేరా, ఇరవై చెప్పలేరా' అని అడుగుతారు. ఆ పది గంటల తర్వాత మర్నాడంతా మంచం మీదే ఉన్నాడన్నది ఏ పే స్టబ్‌లోనూ కనిపించదు. సొంత దుకాణంలో జీతం రాసుకోకుండా కూర్చున్నా ఆ పనికి విలువ కట్టే పద్ధతులున్నాయి. మరోవైపు, అద్దెలు, వడ్డీలు, షేర్ల మీద వచ్చే డబ్బు ఈ లెక్కలోకి రాదు. కూకట్‌పల్లిలో రెండు ఫ్లాట్ల అద్దె వచ్చేవాడికి ఏ ప్రశ్నా ఉండదు. రాత్రిపూట రెండు గంటలు డేటా ఎంట్రీ చేసినవాడు సంజాయిషీ చెప్పుకోవాలి. బొత్తిగా ఆధారం లేనివాళ్లకు ఇచ్చే ఎస్ఎస్ఐ అనే వేరే పథకంలో మాత్రం అద్దె, వడ్డీ అన్నీ లెక్కిస్తారు. ఆస్తి 2,000 డాలర్లు దాటకూడదన్న పరిమితి 1989 నుంచి అలాగే ఉంది.

న్యాయవాదులు తమ కక్షిదారులకు చెప్పేది దాదాపు ఒకటే మాట, తేలేదాకా పని ముట్టుకోవద్దని. వాళ్లను తప్పుపట్టలేం, ఉన్న నిబంధనలకు అది సరైన సలహాయే. వాళ్ల ఫీజు బకాయి భృతిలో నాలుగో వంతు, 2024 నవంబరు ఆఖరు నుంచి గరిష్ఠంగా 9,200 డాలర్లు. కేసు సాగేకొద్దీ బకాయి పెరుగుతుంది, దాంతోపాటు పరిమితి దాకా ఫీజూ పెరుగుతుందన్నది పక్కన పెడదాం.

విచిత్రం ఏమిటంటే పని చేయమని ప్రోత్సహించే నిబంధనలు ఈ పథకంలో లేకపోలేదు. చాలా ఉన్నాయి, చక్కగా ఆలోచించి రాసినవే. భృతి మంజూరైన మనిషి తొమ్మిది నెలలపాటు ఎంత సంపాదించినా భృతి ఆగదు. దీన్ని 'ప్రయోగాత్మక పని కాలం' అంటారు. ఆ తర్వాత 36 నెలలపాటు, సంపాదన తగ్గిన ప్రతి నెలా భృతి దానంతటదే తిరిగి వస్తుంది. ఆ తర్వాతైనా ఐదేళ్లలోపు మళ్లీ పడిపోతే కొత్త దరఖాస్తు అక్కర్లేకుండా పునరుద్ధరించుకోవచ్చు. పని చేయడానికి అవసరమైన మందుల ఖర్చు జేబులోంచి పెట్టుకుంటే దాన్ని సంపాదనలోంచి తీసేసి లెక్క కడతారు. మార్పిడి మందుల ధర తెలిసినవాళ్లకు ఈ చివరిదాని విలువ అర్థమవుతుంది.

ఇందులో చివరిది తప్ప మిగిలినవన్నీ భృతి మంజూరైనవాళ్లకే. ఎదురుచూసేవాడికి దక్కేది 'విఫల పని ప్రయత్నం' అనే మరో చిన్న వెసులుబాటు. ఆరు నెలల లోపు పని చేసి, జబ్బు వల్ల మానేయాల్సి వస్తే ఆ పనిని లెక్కలోంచి తీసేయవచ్చు. అంటే ప్రయత్నించి ఓడిపోతే క్షమిస్తారు, ప్రయత్నించి నెగ్గితే భృతి పోతుంది. వైకల్యం మొదలై ఏడాది నిండకముందే, నిర్ణయం రాకముందే గీత దాటి సంపాదిస్తే ప్రయోగాత్మక పని కాలానికి అర్హతే ఉండదని నిబంధన. వాల్టన్‌ను ముంచిన నిబంధనల్లో ఇదీ ఒకటి. ఏడాది దాటాక మొదలెడితే కొంత రక్షణ ఉంది. కాబట్టి 11వ నెలలో పనిలో చేరినవాడికన్నా 13వ నెల దాకా ఇంట్లో కూర్చున్నవాడు తెలివైనవాడు. కోలుకోవడంలో మొదటి ఏడాదే కీలకమని వైద్యులు చెబుతారు. ఆ ఏడాదిలోనే పనికి ముఖం చాటేయమంటోంది చట్టం.

ఈ ఎదురుచూపు వల్ల పోయేది డబ్బు మాత్రమే కాదు. ఆర్థికవేత్తలు డేవిడ్ ఆటర్, నికోల్ మేస్టస్, వారి సహచరులు సోషల్ సెక్యూరిటీ దస్త్రాలనే పరిశీలించి ఒక సంగతి తేల్చారు. దరఖాస్తు తేల్చడానికి పట్టే కాలం పెరిగేకొద్దీ ఆ తర్వాతి ఏళ్లలో ఆ మనుషుల ఉద్యోగాలూ సంపాదనా తగ్గిపోతున్నాయి. భృతి వచ్చిందా రాలేదా అన్నదానితో సంబంధం లేకుండా, ఆగి ఉండటమే ఆ నష్టం చేస్తోంది. ఏడాది రెండేళ్లు పనికి దూరమైన నర్సు లైసెన్సు గడువు దాటిపోతుంది. ప్రోగ్రామరు నేర్చుకున్నది పాతబడిపోతుంది. పాత మేనేజరు వేరే కంపెనీకి వెళ్లిపోతాడు. చివరికి దరఖాస్తు తిరస్కరణకు గురైతే, పని చేయగలవు పొమ్మన్న ఆ మనిషిని తీసుకునేవాళ్లు ఉండరు.

ప్రభుత్వ వాదనను తోసిపుచ్చడానికి వీల్లేదు. ఇది కార్మికుల జీతాల్లోంచి కోసుకున్న నిధి. పని చేయగలిగినవాళ్లకు కూడా ఇస్తే నిధి ఖాళీ అవుతుంది, నిజంగా కాలూచేయీ ఆడనివాడికి నష్టం. ఎంత పని చేయగలడో శరీరంలోకి తొంగిచూసి చెప్పలేం కనుక, చేసిన పనికన్నా మంచి సాక్ష్యం ఏముంది? భృతి పొందుతున్నవాళ్లు గీత దాటి సంపాదించే ప్రతి రెండు డాలర్లకు భృతిలోంచి ఒక డాలరు చొప్పునే కోసి చూసిన పెద్ద ప్రయోగం కూడా 2010ల్లో జరిగింది. దానివల్ల సగటు సంపాదన పెరిగిన దాఖలా కనబడలేదు. మెతకగా ఉంటే జనం పనిలోకి వస్తారన్నది భ్రమ అని విమర్శకులు దీన్నే చూపిస్తారు. నాకు మాత్రం ఆ ఫలితం మరోలా కనిపిస్తుంది. ఏళ్ల తరబడి పనికి దూరంగా ఉంచి, భృతి చేతికిచ్చాక, ఇప్పుడు పని చేయమంటే ఎవరు కదులుతారు? రాయితీ ఇవ్వాల్సిన సమయం అది కాదు, అంతకు చాలా ముందు.

పైగా, సగం చేయగలిగినవాడికి లెక్క కట్టడం అసాధ్యమన్న మాట వాషింగ్టన్‌లోనే చెల్లదు. మాజీ సైనికుల సంక్షేమ విభాగం వైకల్యాన్ని శాతాల్లో కొలుస్తుంది. సర్వీసుతో ముడిపడిన జబ్బు వల్ల కిడ్నీ మార్పిడి జరిగిన మాజీ సైనికుడికి ముందు 100 శాతం ఇస్తారు. ఏడాది తర్వాత పరీక్ష చేసి, ఎంత బాగున్నా 30 శాతానికి తగ్గకుండా ఉంచుతారు. ఆ రేటింగు మీద వచ్చే భత్యం, అతడు ఉద్యోగంలో చేరాడని ఆగదు. జీవితాంతం మందులు మింగుతూ, ఎప్పుడు తిరస్కరణ వస్తుందో తెలియకుండా బతికే మనిషికి ఎప్పటికీ కొంత నష్టం ఉంటుందని ఆ విభాగం ఒప్పుకుంది. అదే ప్రభుత్వంలోని మరో విభాగం ఒప్పుకోవడం లేదు.

జీతం కన్నా బీమా కోసమే త్వరగా పనిలోకి దూకేవాళ్లున్నారు. 2025లో సగటు వైకల్య భృతి నెలకు సుమారు 1,580 డాలర్లు. మార్పిడి మందులు, పరీక్షలు, ఆస్పత్రి బిల్లుల ముందు అది ఏ మూలకు? భృతికి అర్హత మొదలైన 24 నెలలకు గాని ప్రభుత్వ ఆరోగ్య బీమా అయిన మెడికేర్ రాదు. ముందరి ఐదు నెలలు కలిపితే 29. ఉద్యోగం పోయాక పాత కంపెనీ బీమానే కొనసాగించుకునే 'కోబ్రా' సదుపాయం మామూలుగా 18 నెలలు. మొదటి 60 రోజుల్లోపే వైకల్యం ఉందని సోషల్ సెక్యూరిటీ తేలిస్తే దాన్ని 29 నెలలకు పొడిగిస్తారు. రెండు అంకెలూ కలవడం యాదృచ్ఛికం కాదు. కానీ పొడిగించిన నెలలకు కంపెనీ ప్రీమియాన్ని 150 శాతం దాకా వసూలు చేయవచ్చు, అదీ సంపాదన లేని మనిషి దగ్గర. కిడ్నీ రోగులకు 1972 చట్టం ప్రత్యేక దారి చూపింది, వయసుతో పనిలేకుండా మెడికేర్ వస్తుంది. మార్పిడి అయిన 36 నెలలకు అదీ ఆగిపోతుంది. కాలేయం, గుండె రోగులకు ఆ దారి లేదు.

తెలుగు కుటుంబాలకు ఈ కథలో ఇంకో మడత ఉంది. హెచ్-1బి ఉద్యోగ వీసా మీద పనిచేసేవాళ్ల జీతంలోంచి కూడా సోషల్ సెక్యూరిటీ పన్ను కోస్తారు కాబట్టి క్రెడిట్లు జమవుతాయి. 31 నుంచి 42 ఏళ్ల వయసువాళ్లకు గత పదేళ్లలో 20 క్రెడిట్లు, అంటే ఐదేళ్ల పని ఉంటే వైకల్య బీమాకు సరిపోతుంది. ఈ సంగతి తెలియక, గ్రీన్ కార్డు లేదు కనుక మనకేమీ రాదని దరఖాస్తే పెట్టనివాళ్లుంటారు. చదువుకోవడానికి ఎఫ్-1 మీద వెళ్లి మొదటి ఐదేళ్లలో ఓపీటీ అనే తాత్కాలిక పని అనుమతి కింద చేసిన పనికి మాత్రం సాధారణంగా ఆ పన్ను కోయరు, క్రెడిట్లూ ఉండవు. ఆశ్రితులకిచ్చే హెచ్-4 వీసా మీద ఉన్న భార్యకు పని అనుమతి లేకపోతే ఆమె పేర సున్నా. భారత్, అమెరికాల మధ్య సామాజిక భద్రతా ఒప్పందం లేనందువల్ల హైదరాబాద్‌లో పదేళ్లు పీఎఫ్ కట్టిన సర్వీసును అక్కడ కలుపుకోవడం కుదరదు.

క్రెడిట్లున్నా నిలదొక్కుకోవడం మరో ఎత్తు. ఉద్యోగం పోయిన హెచ్-1బి మనిషికి దేశంలో ఉండటానికి గరిష్ఠంగా 60 రోజుల గడువు. జీతం లేని వైద్య సెలవు 12 వారాలు ఇచ్చే 1993 నాటి చట్టం ప్రైవేటు రంగంలో 50 మందికి తగ్గకుండా ఉద్యోగులున్న సంస్థలకే వర్తిస్తుంది. చిన్న కన్సల్టెన్సీ ద్వారా క్లయింటు దగ్గర పనిచేసే కుర్రవాడికి ఆ రక్షణ ఉండకపోవచ్చు. కాలేయ మార్పిడి మంచం మీద ఉన్నవాడు 60 రోజుల్లో కొత్త స్పాన్సరును వెతుక్కోవాలి, లేదా వీసా మార్చుకోవాలి, లేదా డాక్టర్లనూ మందులనూ వదిలి విమానం ఎక్కాలి. ఎదురుచూపుల్లో ఊబర్ తోలుకుందామన్నా, ఆన్‌లైన్‌లో చిన్న కాంట్రాక్టు పట్టుకుందామన్నా ఇమిగ్రేషన్ చట్టం ఒప్పుకోదు. గీత మీద చర్చ పౌరుడికీ, గ్రీన్ కార్డు ఉన్నవాడికీ మాత్రమే. వీసా మీద ఉన్నవాడికి ఒక్క గంట బయటి పని కూడా నేరంతో సమానం. అందుకే మన వాట్సప్ గ్రూపుల్లో విరాళాల లింకులు అంతగా తిరుగుతుంటాయి. ఆ డబ్బు సంపాదన కిందికి రాదు కనుక వైకల్య బీమాకు అడ్డం కాదు.

ఇక్కడి సంగతి చూస్తే, ఆంధ్రప్రదేశ్‌లో కిడ్నీ, కాలేయం, గుండె మార్పిడి చేయించుకున్నవాళ్ల పింఛను 2024 జులై నుంచి నెలకు 5,000 రూపాయల నుంచి 10,000 రూపాయలయింది. అది పేద కుటుంబాలకు ఇచ్చే సాయం. జబ్బుకు డాక్టరు సర్టిఫికెట్, కుటుంబానికి పేదరికం కొలమానం. నువ్వు వారానికి ఎన్ని గంటలు కూర్చోగలవని ఎవరూ అడగరు. ఆ ఒక్క విషయంలో మన పద్ధతి మనిషికి దగ్గరగా ఉంది. అలాగని గొప్పలు పోనక్కర్లేదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో తలసేమియా, హీమోఫిలియా, సికిల్ సెల్ ఉన్నాయి గాని కిడ్నీ వైఫల్యమూ లేదు, అవయవ మార్పిడీ లేదు. నెలకు 21,000 రూపాయలకు మించిన జీతం తీసుకునే మధ్యతరగతి ఉద్యోగికి ఈఎస్ఐ లేదు, పింఛనూ రాదు. లీవులు అయిపోయాక అతడు అప్పుల మీద బతకాల్సిందే. అమెరికా ఎదురుచూడమంటుంది. మన దగ్గర అతడు ఎదురుచూడటానికి అసలు వరసే లేదు.

అమెరికా విషయానికొస్తే, మార్చాల్సినవాటిలో కొన్నింటికి కాంగ్రెస్ దాకా వెళ్లనక్కర్లేదు. ఏడాది లోపు పని చేస్తే ప్రయోగాత్మక కాలం పోతుందన్న నిబంధన సోషల్ సెక్యూరిటీ విభాగం తానే రాసుకున్నది. అది చట్టానికి విరుద్ధం కాదని మాత్రమే సుప్రీంకోర్టు చెప్పింది, అదొక్కటే దారి అనలేదు. మార్పిడి రోగుల వరకైనా విభాగం దాన్ని తిరగరాసుకోవచ్చు. దరఖాస్తు తేల్చడానికి ఏడు నెలలు ఎందుకన్నది రెండో ప్రశ్న. నడుం నొప్పికి, మానసిక వ్యాధికి సాక్ష్యాలు కూర్చాలి, నిపుణులను అడగాలి, సరే. మార్పిడికి ఆపరేషన్ నివేదిక ఒక్కటి చాలు. జరిగిందా లేదా అన్నదే ప్రశ్న, ఏ రోజున అన్నదే మిగిలిన లెక్క. గుండె మార్పిడి కోసం అత్యవసర జాబితాలో వేచి ఉన్నవాళ్ల దరఖాస్తులను త్వరగా తేల్చే ఏర్పాటు ఇప్పటికే ఉంది. జాబితాలో ఉన్నప్పుడు చూపే తొందర ఆపరేషన్ అయ్యాక అన్ని అవయవాలకూ ఎందుకు చూపకూడదు?

ఐదు నెలల నిరీక్షణ మాత్రం చట్టంలో ఉంది, కాంగ్రెసే తీయాలి. తీయగలదని 2020 డిసెంబరులో నిరూపించుకుంది కూడా. నరాలు, కండరాలు చచ్చుబడిపోయే ఏఎల్ఎస్ రోగులకు ఆ నెలలోనే ఐదు నెలల నిరీక్షణ ఎత్తేసింది. ఆ జబ్బు చాలా వేగంగా ముదురుతుందన్నది దానికి కారణం. అదే నెలలో మరో చట్టం ద్వారా, కిడ్నీ మార్పిడి అయి 36 నెలలకు మెడికేర్ కోల్పోయినవాళ్లకు తిరస్కరణ నివారణ మందుల వరకు మెడికేర్ కొనుక్కునే వీలు కల్పించింది. 2023 జనవరి నుంచి అది అమల్లోకి వచ్చింది. మందులు కొనలేక కిడ్నీ పోగొట్టుకుంటే మళ్లీ డయాలసిస్ ఖర్చు ప్రభుత్వమే మోయాలి, అంతకన్నా మందులివ్వడమే చవక అన్న లెక్క ఏళ్ల తరబడి వాదించాక గాని తలకెక్కలేదు. కాలేయం, గుండె, ఊపిరితిత్తులు మార్పించుకున్నవాళ్లకు ఈ రెండు మినహాయింపుల్లో ఏదీ వర్తించదు.